మన్యంలో ఎవరి మాట చెల్లాలి?



మనం ఇల్లు ఊడ్చే కొండచీపురు ఎక్కడిది? పెళ్ళి భోజనాల్లో వేసే అడ్డాకు విస్తరి ఎక్కడిది? చాలావరకు మన్యం నుంచే వస్తాయి.

రాజమండ్రి నుంచి గోకవరం దాటి పోతే కొండలు మొదలవుతాయి. రంపచోడవరం, మారేడుమిల్లి, అడ్డతీగల మన్యం ఊళ్ళు. గోదావరికి అవతల గట్టున పోలవరం, బుట్టాయగూడెం వైపు కూడా మన్యం ఉంది. దీన్నే ఏజెన్సీ అంటాం. కోయలు, కొండరెడ్లు, కొండదొరలు అక్కడ తరతరాలుగా ఉంటున్నారు. వాళ్ళని గిరిజనులు అంటాం. ఆదివాసీలు అని కూడా అంటారు. ఆదివాసీ అంటే మొదటి నుంచి ఉన్నవాళ్ళు అని అర్థం.

మొదటి నుంచి ఉన్నవాళ్ళ మాట వాళ్ళ ఊళ్ళో చెల్లాలి కదా! మరి చెల్లిందా? తెలుసుకుందాం.

ఫితూరీలు ఎందుకు వచ్చాయి?

పూర్వం మన్యంలో కొన్ని ఊళ్ళు కలిపి ఒక ముఠా. ముఠాకి పెద్ద ముఠాదారు. అందరి మీదా రంప మున్సబుదారు ఉండేవాడు. ఆయన పన్నులు పెంచుకుంటూ పోయాడు. దీనికి తోడు తెల్లదొరల ప్రభుత్వం కల్లు మీద కొత్త పన్ను పెట్టింది. కొండ మీద జీలుగు కల్లు అంబలితో సమానం. కడుపు మీద కొడితే ఎవరూరుకుంటారు? 1879లో జనం తిరగబడ్డారు. తిరుగుబాటునే అక్కడ ఫితూరీ అంటారు.

ప్రభుత్వం సైన్యాన్ని దింపి ఫితూరీని అణిచేసింది. కానీ ఒక పని చేయక తప్పలేదు. మున్సబుదారుని తీసేసింది. ముఠాదారులతో తనే నేరుగా ఒప్పందం చేసుకుంది.

అంతటితో కష్టాలు తీరలేదు. 1882లో అడవి చట్టం వచ్చింది. పోడు కొట్టకూడదన్నారు. పోడు అంటే కొండవాలు మీద చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తనం చల్లే సేద్యం. రోడ్డు పనుల్లో సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించారు. అప్పుడు వచ్చినవాడే అల్లూరి సీతారామరాజు. ఆయన కొండ మనిషి కాదు. ఆయన వెంట నిలిచిన గాం గంటందొర, మల్లుదొర మన్యం వాళ్ళు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. 1924 మే 7న రాజును కాల్చి చంపారు.

చట్టం ఏం చెబుతోంది?

స్వతంత్రం వచ్చింది. 1950లో మన రాజ్యాంగం అమలులోకి వచ్చింది. అందులో ఐదో షెడ్యూలు అని ఉంది. గిరిజన ప్రాంతాలను ప్రత్యేకంగా చూడాలని అది చెబుతుంది. దాని అండతో కొన్ని చట్టాలు వచ్చాయి.

మొదటిది భూమి చట్టం. 1959లో వచ్చింది. 1970లో దాన్ని గట్టి చేశారు. జనం నోట్లో అది 'వన్ ఆఫ్ సెవెంటీ'. ఏజెన్సీలో భూమిని గిరిజనులకు తప్ప వేరేవాళ్ళకు అమ్మకూడదు. గిరిజనేతరుల చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది ఆ ఉన్నవాళ్ళే.

1997లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. విశాఖ మన్యంలో బొర్రా గుహల దగ్గర భూములను గనుల కంపెనీలకు ఇచ్చారు. సమత అనే సంస్థ కోర్టుకి వెళ్ళింది. సర్కారు భూమి అయినా సరే, ఏజెన్సీలో ప్రైవేటు కంపెనీలకు లీజుకి ఇవ్వకూడదని కోర్టు తీర్పు ఇచ్చింది. చట్టం సర్కారుకి కూడా వర్తిస్తుందన్న మాట!

రెండోది పెసా చట్టం. 1996లో వచ్చింది. ఏజెన్సీలో గ్రామసభకు బలం ఇచ్చింది. గ్రామసభ అంటే సర్పంచి, మెంబర్లు మాత్రమే కాదు. ఊళ్ళో ఓటున్న ప్రతి ఆడా, ప్రతి మగా. ఊరికి వచ్చే పథకాన్ని ముందు గ్రామసభ ఒప్పుకోవాలి. పథకం ఎవరికి అందాలో గ్రామసభే చెప్పాలి.

మూడోది అటవీ హక్కుల చట్టం. 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి అడవి భూమి సాగు చేసుకుంటున్న గిరిజనులకు పట్టా ఇవ్వాలి. ఒక కుటుంబానికి పదెకరాల లోపు. పెళ్ళయినవాళ్ళకి పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. దరఖాస్తులు చూసే కమిటీలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. ఆడవాళ్ళు మూడో వంతు రాకపోతే గ్రామసభే చెల్లదు.

ఇలాంటి మాట ప్రపంచమంతటా వినబడుతోంది. ఆదివాసులు తమ సంగతులు తామే నిర్ణయించుకోవచ్చని 2007లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది.

కాగితం మీద, ఊళ్ళో

చట్టాలు ఉన్నాయి. అంతమాత్రాన అన్నీ సవ్యంగా జరగడంలేదు. గిరిజనుల పేరు పెట్టి భూమి అనుభవించేది వేరేవాళ్ళు. దాన్ని బినామీ అంటారు. చదువురాని మనిషి చేత వేలిముద్ర వేయించి, 'గ్రామసభ ఒప్పుకుంది' అని రాసుకుంటే ఏమవుతుంది? హక్కు కాగితం మీదే ఉండిపోతుంది.

పోలవరం సంగతి చూడండి. ఆ ప్రాజెక్టు కింద గోదావరి ఒడ్డున ఎన్నో కోయ, కొండరెడ్డి ఊళ్ళు మునకలోకి వచ్చాయి. దేవీపట్నం మండలంలో ఎంతోమంది ఇల్లూ, చెట్టూ, అమ్మవారి గుడీ వదిలి కాలనీలకి పోయారు. ఆ ప్రాజెక్టు నీళ్ళు మన కాలవల్లోకి రావాలని మనం ఎదురు చూస్తాం. అందులో తప్పులేదు. కానీ ఆ నీళ్ళ కోసం ఊరు ఖాళీ చేసింది మనలాంటి ఆడవాళ్ళే. వాళ్ళకి ఇస్తామన్న భూమి, ఇల్లు, డబ్బు పూర్తిగా అందాయా అని అడగడం మన వంతు కూడా.

రాజీ అంటే బలవంతుడు చెప్పింది బలహీనుడు వినడం కాదు. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని మాట్లాడుకోవడం. ఆ చాపే గ్రామసభ. అక్కడ తీర్మానం పుస్తకం పెడతారు. ఏం రాశారో చదవాలి. చదివాకే సంతకం పెట్టాలి. ఇది కొండ మీద చెల్లికీ వర్తిస్తుంది, పల్లంలో ఉన్న మనకీ వర్తిస్తుంది. మన ఊళ్ళో కూడా గ్రామసభ ఉంది కదా!

కలిసి మాట్లాడుకోండి

1. రంప ఫితూరీ ఎందుకు వచ్చింది?
2. అటవీ హక్కు పట్టా ఎవరెవరి పేరున ఉండాలి?
3. మీ ఊళ్ళో గ్రామసభ ఎప్పుడు జరిగింది? మీరు వెళ్ళారా? తీర్మానం చదివి వినిపించారా?