వ్యాపనం: మన శ్వాస వెనుక ఉన్న సూత్రం

విద్యార్థులారా, కదలని నీటిలో ఒక సిరాచుక్క వేసి చూడండి. ఎవరూ కలపకపోయినా రంగు మెల్లగా నీరంతా పరచుకుంటుంది. అణువులు నిరంతరం అన్ని దిక్కులకూ కదులుతుంటాయి. గాఢత ఎక్కువగా ఉన్న చోటి నుంచి వెళ్ళేవి ఎక్కువ, తిరిగి వచ్చేవి తక్కువ. ఈ తేడా వల్ల మొత్తంమీద జరిగే చలనమే వ్యాపనం. దీనికి కణం శక్తి ఖర్చు చేయనక్కరలేదు.

మన ఊపిరితిత్తులలో జరిగేదీ ఇదే. వాయుగోణులలో ఆక్సిజన్ పాక్షిక పీడనం సుమారు 100 మిల్లీమీటర్ల పాదరస మట్టం. అక్కడికి చేరే రక్తంలో సుమారు 40. అందుచేత ఆక్సిజన్ రక్తంలోకి వెళుతుంది. కార్బన్ డయాక్సైడ్ రక్తంలో 45, వాయుగోణులలో 40 గనుక అది బయటికి వస్తుంది.

అయితే దూరం పది రెట్లయితే పట్టే కాలం వంద రెట్లవుతుంది. నీటిలో ఆక్సిజన్ ఒక మిల్లీమీటరులో నూరోవంతు దూరం వ్యాపించడానికి సెకనులో నలభయ్యోవంతు చాలు. ఒక సెంటీమీటరుకు దాదాపు 7 గంటలు కావాలి. కణాలు చిన్నవిగా ఉండటానికీ, మనకు గుండె, రక్తనాళాలు అవసరం కావడానికీ ఇదొక ముఖ్య కారణం.

వాయుగోణుల గోడలు చాలా పలుచన. మొత్తం వైశాల్యం సుమారు 70 చదరపు మీటర్లు. బీడీ, సిగరెట్ల పొగ ఏళ్ళ తరబడి ఈ గోడలను దెబ్బతీస్తే వైశాల్యం తగ్గి, నాలుగడుగులు వేసినా ఆయాసం వస్తుంది. పోయిన గోడలు తిరిగి రావు.

పరీక్షలో నిర్వచనంతో ఆగకుండా గాఢతలో తేడా, దూరం, వైశాల్యం గురించి కూడా రాయండి. ఇంట్లో పొగతాగే పెద్దలుంటే ఈ పేజీ వారికి చదివి వినిపించండి.