అరకు ప్యాకేజీలో చలికాలం ఎక్కడ?

నవంబరు వచ్చిందంటే ఉత్తర ఐరోపాలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. ఎండకు మొహం వాచిన అక్కడి జనం ఓ వారం గాంబియాకో, కానరీ దీవులకో, థాయిలాండ్‌కో వెళ్లి ఇసుక మీద పడుకుని వస్తారు. అలాంటి యాత్రల్లో గది, తిండి, ఆటపాటలు అన్నీ ఒకే ధరలో కలిపి అమ్మే పద్ధతికి ఆద్యుల్లో ఒకడు బెల్జియం దేశస్థుడు జెరార్డ్ బ్లిట్జ్. 1950లో మయోర్కా దీవిలో గుడారాలు వేసి క్లబ్ మెడ్ ప్రారంభించాడు. మనకు ఎండకు కొదవ లేదు. డిసెంబరులో తెలుగువాళ్లు వెతుక్కుంటూ వెళ్లేది చలిని, పొగమంచును. అందుకే ఆ నెలల్లో హైదరాబాద్ నుంచి, కోస్తా జిల్లాల నుంచి జనం అరకు దారి పడతారు. అవసరం తలకిందులైనా కొనే సరుకు మాత్రం అదే: అన్నీ కలిపిన ప్యాకేజీ. విశాఖలో పొద్దున రైలెక్కించి, రాత్రికి బస్సులో తెచ్చి దింపే ఒక్కరోజు యాత్ర. టిఫిను, భోజనం, టీ, ప్రవేశ టిక్కెట్లు, ధింసా ప్రదర్శన అన్నీ అందులోనే. వెళ్లిన పని అయిందా అన్నది మాత్రం ఎవరూ అడగరు. చలికాలం చూడాలని అరకు వెళ్లేవాళ్లకు ఆ ప్యాకేజీ చలికాలాన్ని చూపించదని నా వాదన. దానికి రుజువు రైలు వేళల్లోనే ఉంది.

కిరండూల్ పాసింజరు విశాఖలో ఏడు గంటలకు కాస్త ముందు బయల్దేరి, పదకొండు ప్రాంతంలో అరకు చేరుతుంది. పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, భోజనం అయ్యాక బస్సు మధ్యాహ్నమే వెనక్కి తిరుగుతుంది. దారిలో గాలికొండ, అనంతగిరి కాఫీ తోటలు, సాయంత్రం మూసేలోగా బొర్రా గుహలు, అక్కణ్ణుంచి కిందికి. ఇప్పుడు లోయ సంగతి చూద్దాం. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. కిలోమీటరు ఎత్తు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. జనవరి రాత్రి విశాఖలో 18 డిగ్రీల చుట్టూ ఉంటే, ఎత్తు లెక్కన అరకులో 12 ఉండాలి. కానీ చాలా రాత్రులు ఒక్క అంకెకు పడిపోతుంది. వానలు వెనక్కి తగ్గాక ఆకాశం తేటపడి నేల వేడంతా పైకి పోతుంది, బరువెక్కిన చల్లగాలి చుట్టూ ఉన్న కొండల మీంచి జారి లోయ అడుగున నిలుస్తుంది. తెల్లవారుజామున కనిపించే పొగమంచు అలా పుట్టిందే. ఎండెక్కి తొమ్మిది దాటేసరికి అది కరిగిపోతుంది. ప్యాకేజీ యాత్రికుడు దిగేది ఆ తర్వాత. మళ్లీ చలి దిగేలోగా అతను ఘాట్ రోడ్డులో ఉంటాడు.

ఇంకోమాట కూడా చెప్పాలి. ఆ రైలు ప్రయాణం నిజంగా గొప్పది. బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం జపాన్ సహకారంతో 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను అది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు అంటూ సొరంగం తర్వాత సొరంగం దూరుతూ, 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషనుకు ఎక్కుతుంది. దేశంలోనే అత్యంత ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషనుగా చాలాకాలం దానికి పేరుండేది. 2017లో అద్దాల విస్టాడోమ్ బోగీ వచ్చాక ఆ టిక్కెట్లకు గిరాకీ మరీ పెరిగింది. కాబట్టి ఎక్కడం రైల్లోనే ఎక్కండి. నాకు అభ్యంతరం దిగడం గురించి. పొద్దున నుంచి తిరిగి అలసిన జనంతో, చీకట్లో ఘాట్ రోడ్డు దిగడం మంచి ఏర్పాటు కాదు. 2021 ఫిబ్రవరి 12న చీకటి పడ్డాక, అరకు నుంచి దిగుతున్న యాత్రికుల బస్సు అనంతగిరి మండలం డముకు దగ్గర లోయలో పడి నలుగురు చనిపోయారు. రాత్రి అక్కడే ఆగి మర్నాడు పగటి వెలుగులో దిగితే ఈ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.

రెండోది డబ్బు సంగతి. అన్నీ కలిపిన ప్యాకేజీల్లో యాత్రికుడి ఖర్చులో దాదాపు 80 శాతం విమాన కంపెనీలకు, హోటళ్లకు, అంతర్జాతీయ సంస్థలకే పోతుందని, స్థానికులకు దక్కేది కొద్దేనని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అంచనా. అది విదేశీ యాత్రల లెక్క, దాన్ని అరకుకు అంటగట్టడం న్యాయం కాదు. ఇక్కడ ప్యాకేజీ నడిపేవాళ్లలో రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ కూడా ఉంది. కానీ డబ్బు దారి మాత్రం ఒకటే: తిండికి ముందే డబ్బు కట్టినవాడు దారిలో బొంగు చికెన్ కాలుస్తున్న బండి దగ్గర ఆగడు, ఆగుదామన్నా బస్సు ఆగదు. మరి నిషేధిస్తే? గాంబియా ప్రభుత్వం 1999లో ఆ పనే చేసింది. తీరంలో చిన్న హోటళ్లు, పళ్లమ్ముకునేవాళ్లు, టాక్సీవాళ్లు బతకాలని అన్నీ కలిపిన ప్యాకేజీలను ఆపేసింది. కొద్దికాలానికే ఆ నిషేధాన్ని వెనక్కి తీసుకోక తప్పలేదు. ఒక దేశం పద్ధతులు నచ్చకపోతే ఇంకో దేశానికి యాత్రికులను మళ్లించగల శక్తి బయటి టూర్ కంపెనీలకు ఉంది. అందుకే మార్పు రావాల్సింది కొనేవాళ్ల ఎంపికలోనని నేను నమ్ముతాను.

ప్యాకేజీ బయట ఏముందో దగ్గరగా చూస్తే ఆ ఎంపిక ఎందుకో తెలుస్తుంది. నవంబరులో అరకు పొలాలు వలిసె పూలతో పచ్చగా మెరుస్తాయి. మనకది ఫొటో, రైతుకు నూనె గింజ. తొక్కిడికి ఒరిగిన మొక్కకు గింజ పట్టదు. అందుకే చేను గట్టున నిలబడి మనిషికి పదో ఇరవయ్యో తీసుకుని లోపలికి వదిలే రైతులున్నారు. వాళ్లతో బేరమాడకండి, అది పంట నష్టానికి కట్టే ధర. అదే కాలంలో సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల పక్కన కాఫీ పళ్లు ఎర్రబడతాయి. పండును వేళ్లతో నొక్కితే తియ్యటి జిగురుతో రెండు గింజలు జారి పడతాయి. తొక్క తీసి, జిగురు కడిగి, ఎండలో రోజుల తరబడి తిరగేస్తూ ఆరబెట్టాలి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా ఇదే. ప్యాకేజీ ఆగేచోట పొడి పొట్లం దొరుకుతుంది. ఊళ్లో ఒక పగలు గడిపితే ఆ పొడి వెనకున్న పని కనిపిస్తుంది. వారపు సంత ఏ రోజో ముందే కనుక్కుని వెళ్తే రాజ్మా, పసుపు, అల్లం, పిప్పళ్లు, కొండ చీపుర్లు పండించినవాళ్ల దగ్గరే కొనొచ్చు. సంతకు వీలు పడకపోతే 1956 నుంచి గిరిజనుల సరుకు కొంటున్న గిరిజన సహకార సంస్థ దుకాణం ఉంది.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న ఇంటికి ప్యాకేజీయే నిశ్చింత అంటారు. ఒప్పుకుంటాను, భోజనం వేళకు అందడం, మరుగుదొడ్డి ఎక్కడో తెలియడం చిన్న విషయాలు కావు. కానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు ఒక్క పగట్లో రైలు, బస్సు, బొర్రా గుహల మెట్లు సుఖమా, లేక ఒకే గదిలో రెండు రాత్రులుండి వీలైనంతే తిరగడం సుఖమా? గది ఖర్చు పెరుగుతుంది, నిజమే. దానికి మందు ఏ వారాల్లో, ఏ రోజుల్లో వెళ్తామన్నదాంట్లో ఉంది. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా, శని ఆదివారాల్లో ధరలు మండిపోతాయి. సంక్రాంతి తర్వాత సోమవారం నుంచి గురువారం మధ్య చలి అంతే ఉంటుంది, జనం ఉండరు. ఆ డబ్బుకు ఇంకాస్త కలిపి బాలి పోవచ్చుగా అనేవాళ్లకూ నేను చెప్పేది అదే: ముందు కాలం చూడండి, తర్వాత చోటు, ఆఖరున ప్యాకేజీ. డిసెంబరు, జనవరి బాలిలో వానాకాలం. అదే నెలల్లో ఫుకెట్, మాల్దీవులు పొడిగా ఉంటాయి. ప్రకటనలో మాత్రం మూడు చోట్లా ఒకే నీలం సముద్రం కనిపిస్తుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన అభ్యంతరం వేరే ఉంది. అందరూ రాత్రులు ఉండటం మొదలుపెడితే మరిన్ని హోటళ్లు, మరింత చెత్త, భూముల మీద కన్ను పెరుగుతాయి కదా? పెరుగుతాయి. వంజంగి కొండ మీద మేఘాలు చూడటానికి జనం ఎగబడ్డాక అక్కడ మిగిలిన ప్లాస్టిక్కే సాక్ష్యం. అయితే మన్యానికి ఒక రక్షణ ఉంది. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి మారకూడదు. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం సైతం అక్కడ గిరిజనేతరులకు గనుల లీజులివ్వరాదని తీర్పు చెప్పింది. ఆ పోరాటం మొదలైంది యాత్రికులు దిగే బొర్రా చుట్టుపక్కల ఊళ్లలోనే. కనుక గది బుక్ చేసేటప్పుడు యజమాని ఎవరని అడగడం మన పని. స్థానిక గిరిజన కుటుంబం నడిపే హోమ్‌స్టే లేదా ప్రభుత్వ హరిత రిసార్టు అయితే చట్టానికి ఎదురు నిలబడిన గోడల మధ్య పడుకున్నామన్న బెంగ ఉండదు. తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి పట్టుకురావడం ఎలాగూ మన చేతిలో పనే.

ఇక ఏర్పాట్లు. వలిసె పూలు కావాలంటే నవంబరు, గట్టి చలి కావాలంటే డిసెంబరు చివరి నుంచి జనవరి, రెండూ ఒకే యాత్రలో నిండుగా దొరుకుతాయని ఆశించొద్దు. అరకు, వంజంగి, లంబసింగి మూడూ ఒక రోజులో చూపిస్తామంటే వద్దనండి. వంజంగికి పాడేరులో, లంబసింగికి చింతపల్లి వైపు పడుకుంటేనే సూర్యోదయం అందుతుంది. కార్లో వెళ్తే మంచు విడేదాకా బండి తీయొద్దు. ఉన్ని బట్టలు, మందులు కిందనుంచే తెచ్చుకోండి. రైలు టిక్కెట్టు ముందుగా, గది ఇంకా ముందుగా తీసుకోండి. పూట పూటకూ భోజనం మాత్రం ముందే కొనేయకండి. టూర్ ఏజెంటు దగ్గర కూర్చున్నప్పుడు ధర కంటే ముందు అడగాల్సింది ఒకటే: తెల్లవారుజామున ఆరు గంటలకు మమ్మల్ని ఎక్కడ ఉంచుతారు? విశాఖ స్టేషన్లో అన్నది జవాబైతే, ఆ ప్యాకేజీ కొనకండి.