పాతబస్తీ గల్లీలో లీటర్ బండి: కొనేముందు వినండి

ఈ ఎపిసోడ్‌లో స్పోర్ట్స్ టూరర్ గురించి మాట్లాడుకుందాం. మా ఇల్లు లాల్ దర్వాజలో. మా గల్లీలో ఒక ఆటో వస్తే ఇంకోటి ఆగాలె. అట్లాంటి చోట నేను సెకండ్ హ్యాండ్‌లో కవాసకి నింజా 1000ఎస్ఎక్స్ తెచ్చి పెట్టిన. "దీన్ని ఏడ తోల్తవ్ బిడ్డా?" అని మా అమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

స్పోర్ట్స్ టూరర్ అంటే ఇంజిన్ స్పోర్ట్స్ బండిది, కూర్చునే తీరు మాత్రం దూరప్రయాణానిది. హ్యాండిల్ కొంచెం ఎత్తుగా ఉంటది, ముందు అద్దం గాలిని ఆపుతది, పక్కలకు పెట్టెలు బిగించుకోవచ్చు. నా బండి 1043 సీసీ, నాలుగు సిలిండర్లు, 142 పీఎస్. బరువు 238 కిలోలు, సీటు ఎత్తు 835 మిల్లీమీటర్లు. అందరూ పవర్ చూస్తరు. మనం చూడాల్సింది బరువు, సీటు ఎత్తు.

ఎందుకో చెప్తా. కొన్న రెండో నెల, సాయంత్రం, శాలిబండ ఎక్కుడు మీద ట్రాఫిక్‌లో ఆగిన. కాలు పెట్టిన చోట రోడ్డు పల్లంగా ఉంది. కాలు అందలే. బండి ఒరిగింది. 238 కిలోలు ఒకసారి ఒరిగితే మనిషి ఆపలేడు. పక్కన పాల ప్యాకెట్ పట్టుకొని ఒక పిల్లగాడు నడుస్తున్నడు. జానెడు దూరంలో తప్పించుకున్నడు. చాయ్ హోటల్ కాడి నలుగురు వచ్చి బండి లేపిండ్రు. విరిగింది క్లచ్ లీవర్ ఒక్కటే, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. అమ్మేస్తా అన్న. "అమ్ముడెందుకు, గల్లీల జనం లేనప్పుడే తియ్యరాదు" అన్నది మా ఆవిడ.

అప్పటి నుంచి తెల్లారకముందే తీస్తున్న. ఇంకోటి కూడా మార్చిన. ట్యాంకు 19 లీటర్లు. నిండితే దాదాపు 14 కిలోల పెట్రోల్, అదీ బండి పైభాగంలో. అందుకే ఊరు దాటినంకనే ట్యాంకు నింపిస్త.

వేడి సంగతి. రేడియేటర్‌కు ఎదురుగాలి తగిలితేనే ఇంజిన్ సులువుగా చల్లబడతది. మదీనా దగ్గర నిలబడితే గాలి ఎక్కడిది? ఫ్యాన్ తిరిగి ఆ వేడంతా కాళ్ల మీదికి కొడతది. బండి పాడైందని భయపడొద్దు, దాని పద్ధతే అది. జీన్స్ మాత్రం మందంగా ఉండాలె.

మరి ఎక్కడ నడపాలె? 158 కిలోమీటర్ల ఔటర్ మీదికి టూ వీలర్లను రానియ్యరు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికీ అంతే. పది లక్షలు దాటిన బండికి ఊర్లో మంచి రోడ్లు బంద్, నవ్వొస్తది.

మనకు మిగిలింది శ్రీశైలం రోడ్డు. ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట, పహాడీషరీఫ్, తుక్కుగూడ, అక్కడి నుంచి కడ్తాల్, ఆమనగల్లు, డిండి. అమ్రాబాద్ పులుల అడవిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూస్తరు. నేను నాలుగున్నరకు బయల్దేరి మన్ననూరు చెక్‌పోస్టుకు గేటు తెరిచినంక చేరుత. అడవి లోపల స్పీడు వద్దు, మలుపు తిరిగితే కోతుల గుంపు రోడ్డు మీదనే కూర్చుంటది. మూడో గేరులో మెల్లగా పోతుంటే కూడా ఇంజిన్ కిందినుంచి లాగుతది చూడండి, పెట్టిన పైసలు అక్కడ వసూలైతయి.

లాల్ దర్వాజ బోనాల ఆదివారం మాత్రం బండి కదలదు. ముందురోజే కవర్ కప్పేస్త. వచ్చే ఎపిసోడ్‌లో ఇంట్లోనే చైన్ కడగడం చూపిస్త. ఉంటా మరి.