పొదుపు సంఘమునందు పెద్దఱికము

ధర్మవరమునుండి పెనుకొండ మీదుగా హిందూపురమునకు పోవు రైలులో స్త్రీల మాటలు వినుచుండిన, పట్టుచీరల మగ్గము, చింతపండు ధర, సంఘపు కంతు - ఈ మూడును తప్పక వినవచ్చును. మూడవదానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ దలంచితిని.

ఇరుగుపొరుగువారు కూడి సొమ్ము దాచి, యొకరికొకరు అప్పిచ్చుకొను పద్ధతిని జర్మనీలో రైఫైజెన్ అను నాతడు పందొమ్మిదవ శతాబ్దమున వ్యాపింపజేసెను. నికల్సను దొర దానిని పరిశీలించి 1895, 1897 సంవత్సరములలో చెన్నరాజధానికి నివేదికలు వ్రాసెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. వాటాలెన్ని యున్నను మనిషికొక్క ఓటే యనుట సహకారమునకు ప్రాణము. అయినను ఓటు గలవారెల్ల నోరు గలవారు కారు గదా!

1992లో నెల్లూరు సీమను లేచిన సారా వ్యతిరేకోద్యమము తరువాత మన స్త్రీల పొదుపు సంఘములు విరివిగా వెలసెను. ఎన్నుకొన్న నాయకురాండ్ర చేవ్రాలు లేనిదే బ్యాంకులో సొమ్ము రాదు. పెత్తనము పుట్టునది ఆ చేవ్రాలునందే.

ధర్మవరమున మా సంఘమునకు పుస్తకము వ్రాయుదానను నేనే. మా నాయకురాలు మిక్కిలి చురుకైనది. ఆఱేండ్లు బ్యాంకు పనులన్నియు నొక్కతెయే చక్కబెట్టుచుండ, మేము సుఖముగా ఇండ్లలో గూర్చుంటిమి. సమావేశములు సన్నగిల్లెను. తీర్మానముల పుస్తకమే ఇంటింటికి తిరిగి చేవ్రాళ్లు పుచ్చుకొనుచుండెను.

ఒకనాడు మగ్గము నేయు సభ్యురాలొకతె పట్టునూలుకై అప్పడిగెను. "నీవి రెండు కంతులు తప్పినవి" అని నాయకురాలు గదిమి పంపెను. ఆమె తలవంచుకొని పోయి, నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకొనెను. పిదప నేను పుస్తకము తిరుగవేసి చూడగా, ఆమె కట్టిన కంతులను అదే పేరుగల మఱియొకతె పుటలో వ్రాసియుంటిని! నాయకురాలు కపటురాలు కాదు. తప్పు నాది. సభలో చదివి వినిపించియున్న నానాడే బయటపడి యుండును. పాఠశాలలో హాజరుపట్టీ గట్టిగా చదువుట పిల్లలకొఱకు కాదు, పంతులుకొఱకే యని మావారనుచుందురు, అపుడు నవ్వితిని.

పెనుకొండలో మా పుట్టింటి వీధి సంఘమున వారమున కొకతె అధ్యక్షత వహించును; అప్పు ఎవరికి ముందో అందఱెదుటనే తేలును. ఆ పద్ధతినే మేమును పట్టితిమి. మా పాత నాయకురాలు రెండు నెలలు నాతో మాటలాడలేదు. ఇపుడు లెక్క చదువునపుడు అందఱికంటె ముందుగా చెవియొగ్గునది ఆమెయే.

ఆ నేతామె బయటి బాకీ యింకను తీరలేదు. వచ్చు శుక్రవారము అధ్యక్షత ఆమె వంతు. చదువు రాదు గనుక కూతురిని వెంట దెచ్చుకొందు నన్నది.