వీడియో పందేలలో క్రెడిట్ల విలువ: ‘గ్రాన్ టూరిస్మో 7’ ఆర్థిక వ్యవస్థ – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

వీడియో క్రీడలలోని డబ్బు అధ్యయనానికి తగిన విషయమేనా అన్న సందేహం మన విశ్వవిద్యాలయాలలో నేటికీ వినిపిస్తుంది. ఆర్థికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా 2001లోనే ‘ఎవర్‌క్వెస్ట్’ అనే క్రీడలోని నోరత్ అన్న కల్పిత లోకానికి తలసరి ఉత్పత్తిని లెక్కగట్టారు. అది రష్యా, బల్గేరియాల తలసరి ఉత్పత్తికి నడుమ ఉన్నట్లు తేల్చారు. ఆ పరిశీలనను కారు పందేల క్రీడలకు అన్వయించి, ఒక్క ఉదాహరణను వివరంగా చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చెరువు, కాలువ, తూము

ఇటువంటి క్రీడలలోని ఆర్థిక వ్యవస్థను చెరువుతో పోల్చవచ్చు. పందెం గెలిస్తే వచ్చే క్రెడిట్లు చెరువులోకి నీరు తెచ్చే కాలువ. కార్లకు, వాటి విడిభాగాలకు పెట్టే ఖర్చు నీరు బయటికి పోయే తూము. రాక ఎక్కువైతే కార్లకు విలువ ఉండదు, పోక ఎక్కువైతే ఆట వెట్టిచాకిరిగా మారుతుంది. ఈ రెంటినీ సరితూచడమే రూపకర్త పని. నిజమైన డబ్బు తీసుకుని క్రెడిట్లు అమ్మే సూక్ష్మ చెల్లింపులు బయటి నుంచి తవ్విన మరో కాలువ. కాలువ తలుపు ఎత్తే అధికారమూ, బిందెల లెక్కన నీళ్లమ్మే హక్కూ ఒకరి చేతిలోనే ఉన్నప్పుడు సమస్య మొదలవుతుంది.

2022 మార్చి

సోనీ ప్రచురణలో, కజునోరి యమౌచి నాయకత్వాన పాలిఫోనీ డిజిటల్ సంస్థ రూపొందించిన ‘గ్రాన్ టూరిస్మో 7’ 2022 మార్చి 4న విడుదలయింది. విమర్శకులు మెచ్చుకున్నారు. మార్చి 17న వచ్చిన 1.07 సవరణ పరిస్థితిని తారుమారు చేసింది. అందులోని లోపం వల్ల సర్వర్లు 30 గంటలకు పైగా పనిచేయలేదు. క్రీడలో అధికభాగానికి అంతర్జాల సంధానం తప్పనిసరి కావడంతో, ఒంటరిగా ఆడుకునేవారు కూడా ఆగిపోవలసి వచ్చింది. అదే సవరణలో అనేక పందేల బహుమతులను తగ్గించారు. త్వరగా క్రెడిట్లు సంపాదించడానికి చాలామంది ఆశ్రయించిన ఫిషర్‌మన్స్ రాంచ్ మట్టిబాట పందెంలో మొదటి బహుమతి 65,000 నుంచి 30,000కు దిగింది.

ఈ తగ్గింపు అర్థం కావాలంటే లెక్క వేసి చూడాలి. అమెరికాలో 20 లక్షల క్రెడిట్ల ధర 19.99 డాలర్లు. అత్యంత ఖరీదైన కార్ల వెల 2 కోట్ల క్రెడిట్ల దాకా ఉండేది. అంటే అటువంటి ఒక్క కారును డబ్బుతో కొనాలంటే సుమారు 200 డాలర్లు కావాలి. ఇది పీఎస్5లో ఆ క్రీడ ధరకు దాదాపు మూడు రెట్లు. శ్రమతో సంపాదించాలంటే, అదనపు బహుమతులను పక్కనపెడితే, పాత లెక్కన 308 పందేలు, కొత్త లెక్కన 667 పందేలు గెలవాలి. క్రెడిట్ల ధర ఒక్క సెంటు కూడా మారలేదు. మారినది శ్రమ విలువ: ఒక విజయం మునుపు 65 సెంట్లకు సమానం, సవరణ తరువాత 30 సెంట్లకు. ధరల పట్టికను ముట్టుకోకుండానే డబ్బు చెల్లించే దారిని ఆకర్షణీయం చేయడం సాధ్యమని దీనివల్ల తెలుస్తుంది. సంస్థ ఉద్దేశం ఏదైనా కావచ్చు, ఫలితం మాత్రం ఇదే.

కార్ల ధరలు వాటి విలువను, అరుదుతనాన్ని తెలియజేస్తాయి గనుక వాస్తవ ప్రపంచపు ధరలతో ముడిపడి ఉండాలన్నది యమౌచి ఇచ్చిన వివరణ. పురాతన కార్ల విలువ కట్టడంలో పేరుపొందిన హాగర్టీ సంస్థ ఈ క్రీడలోని లెజెండ్ కార్స్ విభాగానికి భాగస్వామి కూడా. ఈ వాదనలో సౌందర్యం లేకపోలేదు. అయితే త్రాసులో ఒక పళ్లెమే వాస్తవానికి కట్టుబడి ఉంది. ధరలు నిజమైన విపణిని అనుసరిస్తే, ఆదాయాన్ని మాత్రం రూపకర్త తన ఇష్టప్రకారం నిర్ణయిస్తాడు. పైగా వేలంలో అమ్ముడయ్యే మెక్‌లారెన్ ఎఫ్1 నిజంగానే అరుదైనది, దాని అంకాత్మక ప్రతిరూపానికి కొరత కల్పిస్తే తప్ప ఉండదు. లెజెండ్ కార్స్ విభాగంలో కొన్ని కార్లే కొద్ది రోజులు కనిపించి మాయమయ్యేవి. డబ్బు లేనివేళ కనిపించిన కారు మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు. ఆ ఆత్రుతకు కూడా ఒక వెల ఉంటుంది. ఉచితంగా సంపాదించిన క్రెడిట్లను దాచుకోవడానికి ఉన్న గరిష్ఠ పరిమితి కూడా 2 కోట్లే కావడం గమనార్హం.

సవరణలు

మెటాక్రిటిక్‌లో వాడుకరుల సగటు 10కి 2 సమీపానికి పడిపోయింది, విమర్శకుల సగటు 100కు 87 ఉండగానే. మార్చి 25న యమౌచి క్షమాపణ చెప్పి, ఆడేవారికి 10 లక్షల క్రెడిట్లు ఉచితంగా ప్రకటించారు. ఏప్రిల్ 7 నాటి 1.11 సవరణలో వరల్డ్ సర్క్యూట్స్ రెండవ భాగంలోని పందేల బహుమతులు సగటున సుమారు 100 శాతం పెరిగాయి. దాచుకునే పరిమితి 10 కోట్లయింది.

2018లో ‘ఫోర్జా మోటర్‌స్పోర్ట్ 7’ నుంచి బహుమతి పెట్టెలను తొలగిస్తామని టర్న్ 10 సంస్థ ప్రకటించడంతో దీనిని పోల్చడం కొందరికి అలవాటు. కాని అక్కడి వివాదం లోపల ఏముందో తెలియని పెట్టెల గురించి, అంటే అదృష్టం గురించి. ఇక్కడ అన్నీ బహిరంగమే: ధర తెలుసు, బహుమతి తెలుసు. జూదంపై నియంత్రణ విధించే చట్టాల చూపు మొదటిదానిపై పడుతుంది గాని, కాలువ తలుపు ఎంత ఎత్తారన్న ప్రశ్న వాటి పరిధిలోకి రాదు.

కొన్న కారును తిరిగి అమ్ముకునే వీలు 2022 నవంబరు వరకు ‘గ్రాన్ టూరిస్మో 7’లో లేదు. అంతకాలమూ తూము గుండా పోయిన నీరు మళ్లీ చెరువుకు చేరలేదు.