హామ్‌స్టర్‌ను తెచ్చే ముందు వేసవిని తలచుకోండి

బెంగళూరులో బంధువుల ఇంట చూసివచ్చి, "మనకూ ఒకటి కావాలి" అని పిల్లలు మారాం చేసే ప్రాణులలో మరుగుజ్జు హామ్‌స్టర్ ఒకటి. చిట్టెలుకను పోలి, పొట్టి తోకతో, అరచేతిలో ఇమిడిపోతుంది. బరువు 20 నుండి 50 గ్రాములు. హిందూపురానికి బెంగళూరు దగ్గరే గనుక తెచ్చుకోవడం కష్టం కాదు. తెచ్చాక బ్రతికించుకోవడమే కష్టం.

దీని పుట్టినిల్లు సైబీరియా, మంగోలియా, కజకిస్తాన్, ఉత్తర చైనా ప్రాంతాలు. 18 నుండి 24 డిగ్రీలు దానికి హాయి. 30 దాటితే వడదెబ్బకు చనిపోవచ్చు. మన ధర్మవరంలోనేమో వేసవిలో 40 దాటే రోజులుంటాయి. పెనుకొండలో పగలంతా కాగిన బండలు రాత్రి కూడా సెగ కక్కుతాయి. ఎత్తున ఉన్న హిందూపురంలోనూ రేకుల ఇల్లు నిప్పుల కుంపటే. కాబట్టి తల్లిదండ్రులారా, మొదట మీ ఇంట్లో మే నెల మధ్యాహ్నం కూడా చల్లగా ఉండే గది ఉందా అని చూసుకోండి. లేకపోతే కొనకండి.

కొనదలచినవారు సాయంత్రం వెళ్ళండి. ఇది పగలు నిద్రపోయి రాత్రి తిరిగే ప్రాణి. కళ్ళు మెరుస్తూ, బొచ్చు నిండుగా, తోక క్రింద పొడిగా ఉన్నదానిని ఎంచుకోండి. ఒక్కటే చాలు. రెండు కలిస్తే పోట్లాడుకోవచ్చు. ఆడ మగ కలిస్తే సుమారు 20 రోజులకే పిల్లలు పుడతాయి.

పంజరం ఊచల మధ్య సందు 7 మిల్లీమీటర్లు మించరాదు. తప్పించుకున్నదంటే మగ్గం మీది పట్టునూలును కొరికివేస్తుంది. జీవితాంతం పెరిగే పళ్ళు గనుక ఏదో ఒకటి కొరకక మానదు. అడుగున జానెడు మందాన చిన్న కాగితపు ముక్కలు, దాగుకొనుటకు ఒక మట్టి ముంత, పరుగెత్తుటకు ఊచలు లేని చక్రం ఉంచండి. నీళ్ళతో స్నానం చేయించకండి. గిన్నెడు పొడి ఇసుక పెడితే అదే దొర్లి శుభ్రపడుతుంది.

కొర్రలు, సజ్జలు, జొన్నలు, అప్పుడప్పుడు దోసకాయ ముక్క, కొద్దిగా ఉడికిన గుడ్డు పెట్టవచ్చు. వేరుశనగ ఎప్పుడైనా ఒక్క పలుకు చాలు. ఉల్లి, వెల్లుల్లి వద్దు. బెల్లం అసలే వద్దు, వీటిలో కొన్ని జాతులకు చక్కెర వ్యాధి తేలికగా వస్తుంది.

ఎండాకాలంలో గడ్డకట్టిన నీళ్ళసీసాకు గుడ్డ చుట్టి పంజరం ప్రక్కన పెట్టండి. ఫ్యాను గాలి సూటిగా తగలనీయకండి. అది చాచుకొని పడి రొప్పుతుంటే చల్లని గదిలోకి మార్చి, త్రాగడానికి నీరు అందించండి. చల్లనీళ్ళలో ముంచకండి. ఆలస్యం చేయక పశువైద్యునికి చూపించండి.

నిద్రలో లేపితే కరుస్తుంది. పిల్లలు నేలమీద కూర్చునే ఎత్తుకోవాలి, తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దీని ఆయుష్షు సుమారు రెండేళ్ళు. పిల్లల ముచ్చట వారంలో తీరిపోవచ్చు. ఆ రెండేళ్ళూ మేతా నీళ్ళూ చూడవలసినవారు పెద్దలే.

ఇంట్లో చల్లని గది లేదా? చిన్నబుచ్చుకోకండి. ఒక నాటుకోడి పిల్లను పిల్లవాడి చేతికి అప్పగించండి. మన ఎండను ఓర్చుకునే ప్రాణి అది. పొద్దునే గింజలు చల్లి, ముంతలో నీళ్ళు నింపి, సాయంత్రం గంప క్రింద కమ్మడం అలవాటైతే, మరొక ప్రాణి తనమీద ఆధారపడి ఉన్నదన్న సంగతి వాడికి తెలిసివస్తుంది.