విండోస్ పక్కన లైనక్స్: కొత్తవారి సందేహాలు

కంప్యూటరు గురించి నన్ను అడిగేవారి ప్రశ్నలన్నీ చివరకు ఒక్కచోటికే వస్తాయి. హాస్టలులోని జూనియర్లు అడిగినా, సెలవులకు తరిగొప్పుల పోయినప్పుడు మా ఊరి పిల్లలు అడిగినా మాట ఒక్కటే: "అన్నా, లైనక్స్ ఎక్కిస్తే విండోస్ పోతదా?"

ఈ ప్రశ్న విని నవ్వేవాళ్లున్నారు. నాకు మాత్రం నవ్వు రాదు. నర్మెట్ట, తరిగొప్పుల వంటి మెట్ట ప్రాంతాల నుంచి వచ్చిన విద్యార్థికి ల్యాప్‌టాప్ అనేది ఏడాదికొకటి మార్చుకునే వస్తువు కాదు. పత్తి అమ్మిన పైసలతోనో, అప్పు చేసో ఇంట్లోవాళ్లు ఒక్కసారి కొనిస్తారు. ప్రాజెక్టు, సర్టిఫికెట్ల నకళ్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, నాన్న పట్టా కాగితాల ఫోటోలు, సర్వమూ అందులోనే ఉంటాయి. కాబట్టి "పోతదా?" అన్నది అజ్ఞానం కాదు, బాధ్యత. ఆ బాధ్యతకు తగిన జవాబు చెప్పడమే ఈ వ్యాసంలో నా ఉద్దేశం.

ముందే క్లుప్తంగా చెబుతాను. లైనక్స్ ఎక్కించడం ప్రమాదం కాదు. అది డిస్కులో ఎక్కడ కూర్చుంటుందో చూడకుండా ఎక్కించడమే ప్రమాదం.

ఇప్పుడే ఈ మాట ఎందుకు?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ కంపెనీ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడుకునేవారికి అదనపు భద్రతా సవరణల కోసం చేసిన ఏర్పాటు గడువు 2026 అక్టోబరు 13. విండోస్ 11కు మారుదామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, కనీసం 4 జీబీ మెమరీ, 64 జీబీ నిల్వ స్థలం కావాలి. ప్రాసెసరు కూడా కంపెనీ ఆమోదించిన జాబితాలో ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం కన్నా పాతవి దాదాపు అన్నీ ఆ జాబితాకు బయటే ఉన్నాయి. అంటే బాగా నడుస్తున్న యంత్రాలు కూడా కాగితం మీద ముసలివైపోయినట్లే గదా! అట్లాంటి యంత్రానికి లైనక్స్ మరికొన్నేళ్ల ఆయుష్షు పోస్తుంది. లైనక్స్ మింట్ వంటిదానికి 2 జీబీ మెమరీ, 20 జీబీ స్థలం కనీసావసరాలు. 4 జీబీ ఉంటే హాయిగా పని చేసుకోవచ్చు.

అసలు లైనక్స్ అంటే ఏమిటి?

కంప్యూటరులోని యంత్రభాగాలకూ మన ప్రోగ్రాములకూ మధ్య నిలబడి పని చేయించేది ఆపరేటింగ్ సిస్టం. విండోస్ అట్లాంటిది ఒకటి, లైనక్స్ మరొకటి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ 'గ్నూ' పేరుతో, ఎవరైనా వాడుకుని, పరిశీలించి, మార్చుకుని, పంచుకోగలిగిన వ్యవస్థను తయారు చేస్తానని ప్రకటించాడు. 1991 ఆగస్టులో ఫిన్లండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, ఇరవయ్యొక్కేళ్ల వయసులో, అట్లాంటి వ్యవస్థకు గుండెకాయ వంటి 'కెర్నెల్'ను రాస్తున్నట్లు లోకానికి చెప్పాడు. ఈ రెండు కృషులూ కలిసినదే మనం వాడుకలో లైనక్స్ అంటున్నది. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనులో ఉన్నది కూడా లైనక్స్ కెర్నెలే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో అన్నీ లైనక్స్‌తో నడిచేవే. కాబట్టి ఇది ఏదో పిచ్చివాళ్ల సరదా అనుకోనవసరం లేదు.

ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్ అనేవి ఒకే కెర్నెలు మీద వేర్వేరు బృందాలు కూర్చిన వ్యవస్థలు. విండోస్ అలవాటున్నవారికి మింట్ తొందరగా చేతికి వస్తుందని నా అనుభవం.

రెండూ ఒక డిస్కులో ఎట్లా ఉంటాయి?

మన చెలకల భాషలోనే చెబుతాను. హార్డ్ డిస్కు ఒక చెలక అనుకోండి. అన్నదమ్ములు పంచుకుని నడుమ గెట్టు పెట్టుకున్నట్లు డిస్కును భాగాలు చేసుకోవచ్చు. వీటినే పార్టిషన్లు అంటాం. ఒక భాగంలో విండోస్, మరో భాగంలో లైనక్స్. ఎవరి పంట వారిదే. అయితే ఇద్దరూ చెలకలోకి పోవడానికి బండ్ల బాట ఒకటి ఉంటుంది గదా, కొత్త కంప్యూటర్లలో ఆ బాటే 'ఈఎఫ్ఐ' అనే చిన్న పార్టిషన్. కంప్యూటరు వేయగానే ముందు అక్కడికే పోయి, ఎవరిని లేపాలో చూస్తుంది. ఆ బాటను ఎవరూ దున్నకూడదు. అంటే ఎక్కించే సమయంలో దాన్ని ఫార్మాట్ చేయకూడదు.

లైనక్స్ ఎక్కిన తర్వాత కంప్యూటరు వేయగానే 'గ్రబ్' అనే చిన్న జాబితా వస్తుంది. బాణం గుర్తుతో ఏది కావాలో ఎంచుకోవడమే. ఒకసారికి ఒక్కటే నడుస్తుంది కాబట్టి, ఒకదాని బరువు మరొకదాని మీద పడదు.

ఎక్కించకుండా ముందు చూడవచ్చునా?

తప్పకుండా చూడవచ్చు, చూడాలి కూడా. 8 జీబీ పెన్ డ్రైవ్ ఒకటి చాలు. విండోస్‌లోనే 'రూఫస్' అనే ప్రోగ్రాముతో అందులోకి లైనక్స్‌ను రాయవచ్చు. పెన్ డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కనుక ముందే తీసి పెట్టుకోండి. తర్వాత కంప్యూటరును మళ్లీ వేసి, ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ మీటల్లో మీ కంపెనీకి తగినదాన్ని నొక్కితే పెన్ డ్రైవ్ నుంచే లైనక్స్ లేస్తుంది. మీ డిస్కు జోలికి పోదు. వైఫై పనిచేస్తున్నదా, శబ్దం వస్తున్నదా, ప్రింటరు దొరుకుతున్నదా అన్నవి అక్కడే తేల్చుకోవచ్చు. నచ్చకపోతే పెన్ డ్రైవ్ తీసేయండి, కథ ముగిసింది.

మింట్ ఫైలు సుమారు 3 జీబీ, ఉబుంటు 24.04 సుమారు 6 జీబీ ఉంటాయి. ఊళ్లో నెట్ సరిగా రాదని దిగులుపడవద్దు. ఒకరు దించుకుని పదిమందికి పంచవచ్చు. ఇది దొంగ నకలు కాదు. పంచుకొమ్మనే దాని లైసెన్సు చెబుతున్నది.

ఎక్కించే ముందు ఏమేం చేయాలి?

ఇక్కడే నిదానం కావాలి. వరుస తప్పకుండా చేయండి.

మొదటిది: ముఖ్యమైన ఫైళ్లన్నీ బయటి డిస్కులోనో, మరో కంప్యూటరులోనో దాచి, ఆ నకళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని నకలు నకలు కాదు.

రెండవది: బిట్‌లాకర్. చాలా కొత్త ల్యాప్‌టాపుల్లో విండోస్ తానే డిస్కుకు తాళం వేసి ఉంచుతుంది. బూటింగ్ ఏర్పాట్లు మారితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే మీ ఫైళ్లు మీ ముందే ఉన్నా మీకు దక్కవు. మైక్రోసాఫ్ట్ ఖాతాలో చూసి, ఆ అంకెలను ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఎక్కించే ముందు ఆ తాళాన్ని తీసేస్తే పని ఇంకా సుళువు.

మూడవది: 'ఫాస్ట్ స్టార్టప్' ఆపండి. అది ఉంటే విండోస్ పూర్తిగా నిద్రపోదు, ఒక కన్ను తెరిచే ఉంటుంది. ఆ స్థితిలో దాని పార్టిషన్‌లోకి రాయడానికి లైనక్స్ ఒప్పుకోదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి పోతే ఆపవచ్చు.

నాలుగవది: విండోస్‌లోని 'డిస్క్ మేనేజ్‌మెంట్'లో సీ డ్రైవ్‌ను కుదించి 40 నుంచి 50 జీబీ ఖాళీ చేయండి. ఆ ఖాళీని ఫార్మాట్ చేయకుండా అట్లాగే వదిలేయండి. విండోస్ భూమిని విండోస్ చేతనే కొలిపించడం క్షేమం.

ఎక్కించేటప్పుడు ఎక్కడ జాగ్రత్త?

ఒక్క తెర దగ్గర. అక్కడ రెండు మాటలు కనిపిస్తాయి. ఒకటి 'ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్', అంటే విండోస్ పక్కన ఎక్కించు అని. రెండవది 'ఇరేజ్ డిస్క్', అంటే డిస్కంతా చెరిపి ఎక్కించు అని. నాకు తెలిసిన ఒక విద్యార్థి ల్యాప్‌టాప్‌లో, సహాయానికి వచ్చిన మిత్రుడు తొందరలో రెండోది నొక్కాడు. ఏడాది పాటు చేసిన ప్రాజెక్టు ఐదు నిమిషాల్లో పోయింది. నకలు లేదు. లైనక్స్ మాత్రం చక్కగా ఎక్కింది! తప్పు లైనక్స్‌దీ కాదు, విండోస్‌దీ కాదు. చదవకుండా నొక్కిన వేలిది. నష్టం మాత్రం వేలికి జరగలేదు, ఆ పిల్లవాడికి జరిగింది.

అందుకే ఆ తెర దగ్గర ఆగండి. డిస్కు పటంలో విండోస్ భాగం మీరు వదిలిన పరిమాణంలోనే ఉందా, లైనక్స్ మీరు ఖాళీ చేసిన చోటే కూర్చుంటున్నదా చూడండి. పక్కన ఎక్కించే మాటే కనిపించకపోయినా, డిస్కే కనిపించకపోయినా, వెనక్కి వచ్చేయండి. చివరి అనుమతి ఇచ్చేవరకు డిస్కులో ఏమీ మారదు. తెలిసినవారిని అడిగి మర్నాడు చేసుకోవచ్చు. పరీక్షల ముందు వారం, ప్రాజెక్టు ఇచ్చే ముందు వారం అసలు ఈ పని పెట్టుకోవద్దు.

ఎక్కిన తర్వాత వచ్చే చిన్న చిక్కులు

"అన్నా, గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోయింది, వైరసా?" అని అడుగుతారు. వైరసు కాదు. కంప్యూటరు లోపలి గడియారంలో స్థానిక కాలం ఉందని విండోస్ నమ్ముతుంది. అంతర్జాతీయ కాలం ఉందని లైనక్స్ నమ్ముతుంది. మన కాలానికీ దానికీ తేడా అయిదున్నర గంటలు గదా! రెండింటిలో ఒకదానికి రెండోదాని లెక్క నేర్పితే సరిపోతుంది. లైనక్స్‌లో ఒక్క ఆజ్ఞతో ఆ పని అవుతుంది.

ఒక్కొక్కసారి విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత గ్రబ్ జాబితా కనిపించక నేరుగా విండోసే లేస్తుంది. లైనక్స్ పోలేదు. బూట్ వరుసలో విండోస్ ముందుకు వచ్చి కూర్చుంది, అంతే. సెటప్‌లోకి పోయి వరుస మార్చండి.

లైనక్స్ నుంచి విండోస్ ఫైళ్లు చదవవచ్చు, రాయవచ్చు. విండోస్ మాత్రం లైనక్స్ భాగాన్ని తనంతట తాను చదవలేదు. పైగా దాన్ని చూసి "ఫార్మాట్ చేయనా?" అని అడిగే అవకాశముంది. వద్దనండి.

లైనక్స్ వద్దనిపిస్తే? ముందు బూట్ వరుసలో విండోస్‌ను మొదట పెట్టండి. తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లైనక్స్ భాగాన్ని తొలగించండి. ఈ వరుస తారుమారు చేస్తే కంప్యూటరు నల్లటి తెర దగ్గరే నిలిచిపోతుంది.

తెలుగు సంగతేమిటి?

బాగుంది. తెలుగు టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ మీటల పలక లైనక్స్‌లో ఉన్నది. ఫాంట్ల విషయంలో మన జిల్లావారు సంతోషించదగిన సంగతి ఒకటుంది. తిరుమల కృష్ణ దేశికాచారి గారు రూపొందించిన 'పోతన', 'వేమన' ఫాంట్లు డెబియన్, ఫెడోరా భాండాగారాల్లో ఉచితంగా దొరుకుతాయి. పోతన ఊరిగా చెప్పుకునే బమ్మెర మన జనగామ జిల్లాలోనే, పాలకుర్తి మండలంలో ఉన్నది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే 'స్వేచ్ఛ' సంస్థ 2005 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును, తెలుగులో కనిపించే లైనక్స్‌ను జనానికి చేరవేసే పనిలో ఉన్నది. అందులో కళాశాల విద్యార్థుల చెమట చాలా ఉంది.

అయినా నిజం చెప్పాలి. మన దగ్గర శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ దుకాణాల్లో పేజ్‌మేకర్, అను ఫాంట్ల రాజ్యం ఇంకా పోలేదు. అవి విండోస్ కోసం తయారైనవి. అను ఫాంట్లలో కొట్టిన పాఠం యూనికోడ్ కాదు కాబట్టి మరోచోట తెరిస్తే అర్థం కాని గీతలే కనిపిస్తాయి. ఆ పని చేసి నాలుగు పైసలు సంపాదించుకునే విద్యార్థి విండోస్‌ను వదలలేడు. వదలనక్కరలేదు కూడా. రెండూ పక్కపక్కన ఉంచుకోవడంలో ఉన్న లాభమే అది. వ్యాసాలకు, లెక్కల పట్టికలకు లైనక్స్‌లో లిబ్రేఆఫీస్ చాలు. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికైతే పైథాన్, సీ భాషల పనిముట్లన్నీ అక్కడ ఖర్చు లేకుండా దొరుకుతాయి.

చివరిగా అధ్యాపకులకు ఒక మనవి. కేరళ ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీదనే కంప్యూటరు పాఠాలు నేర్చుకుంటున్నారు. మన ప్రయోగశాలల మూలన దుమ్ము పట్టిన పాత యంత్రాల్లో రెండింటికి లైనక్స్ ఎక్కించి ఇస్తే, జూనియర్లు ఏ భయమూ లేకుండా వాటి మీద చేయి తిప్పుకుంటారు. అక్కడ పార్టిషన్ చెరిపినా ఏ ఇంటి కష్టమూ కరిగిపోదు. ఇంట్లోవాళ్లు కొనిచ్చిన ల్యాప్‌టాప్ మీద మొదటి పాఠం నేర్చుకోవలసిన అవసరం ఎవరికీ రాకూడదు.

మిత్రులారా! అడగడానికి సిగ్గుపడకండి. నొక్కే ముందు చదవండి. చదివే ముందు నకలు తీసుకోండి.